వారసుల ఇంట్లోంచి వచ్చిందా? అయితే ఏంటట!

చిత్రకారుడి పిల్లల దగ్గరే ఉన్న బొమ్మకు వేరే రుజువెందుకని దబాయించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. జాన్ కాన్‌స్టబుల్ ఇంటి సంగతి తెలిస్తే అంత ధీమాగా మాట్లాడలేరు.

ఇంగ్లండ్‌లో సఫోక్ పొలాలనూ, నదీ తీరాలనూ, తన తండ్రి పిండిమిల్లులనూ గీసి గీసి ఆ ప్రాంతానికే తన పేరు తెచ్చిపెట్టిన మనిషి ఆయన. 1837లో ఆయన పోయాక స్కెచ్‌లు వందలకొద్దీ పిల్లల దగ్గర మిగిలాయి. ఏడుగురిలో ఆఖరివాడు లయొనెల్. పుట్టిన ఏడాదే తల్లి పోయింది, తొమ్మిదేళ్లకు తండ్రీ లేడు. తండ్రి వదిలివెళ్లిన బొమ్మలే అతనికి గురువులు. అతనూ చిన్న చిన్న ప్రకృతి దృశ్యాలు వేశాడు, రాయల్ అకాడమీలో ప్రదర్శించాడు. 1853లో అన్న ఆల్ఫ్రెడ్ నీట మునిగి చనిపోయాక, రెండు మూడేళ్లకే కుంచె పక్కన పెట్టేశాడు.

కొడుకు బొమ్మలు తండ్రి బొమ్మల్లో కలిసిపోయాయి. కలిసి బయటికొచ్చాయి, తండ్రి పేరుతోనే. మ్యూజియంలూ నమ్మాయి. లెస్లీ ప్యారిస్, ఇయన్ ఫ్లెమింగ్-విలియమ్స్ అనే పరిశోధకులు ఓపిగ్గా కొడుకు చేతిని విడదీసి చూపించారు. 1982లో టేట్ గ్యాలరీ లయొనెల్ పేరు మీదే ప్రదర్శన పెట్టింది. ఇందులో ఎవరో దొంగ సంతకం పెట్టారని చెప్పడం లేదు. ఒకే ఇంటి సరుకు కావడమే చాలింది.

అలాగని, పిల్లలు దాచినవన్నీ అమ్ముడుపోని చిత్తుకాగితాలని కొట్టిపారేసే రెండో బాపతుతోనూ నాకు పొత్తు లేదు. 1888లో కూతురు ఇసబెల్ లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియానికి ఇచ్చేసినవి నాలుగు వందలకు దగ్గర. రాయల్ అకాడమీకీ కొన్ని ఇచ్చింది. అక్కడున్న ఒక మేఘాల స్టడీ చూడండి. 1821 సెప్టెంబర్ 11, హాంప్‌స్టెడ్, పొద్దున పది, పదకొండు గంటల మధ్య. మబ్బుల రంగు, ఉక్క, గాలి దిక్కు, ఆ రాత్రి కురిసిన వాన, అన్నీ కాన్‌స్టబుల్ రాసిపెట్టుకున్నాడు. వాన సంగతి ఉందంటే, బొమ్మ వేసిన పూటే కాకుండా తర్వాత కూడా కలం పట్టాడన్నమాట! ప్రదర్శనల కోసం వేసిన పెద్ద కాన్వాసుల్లో ఈ మనిషి దొరకడు. ఈ బొమ్మకు సాక్ష్యం ఆ రాతే, అది ఎవరింట్లో ఉందన్నది కాదు.

వారసుల పేరు చెప్పి బొమ్మ అమ్మజూపేవాళ్లు, ఆ ఇంట్లో ఇంకెవరెవరు కుంచె పట్టారో కూడా చెప్పాలి. కాన్‌స్టబుల్ ఇంట్లో లయొనెల్ ఒక్కడే కాదు, ఆల్ఫ్రెడ్ వేశాడు, ఇసబెల్ కూడా వేసింది.