బంజరు కాదు, జింకల ఇల్లు

ఉత్తర ధ్రువం దగ్గరి మంచు సముద్రాల్లో నార్వాల్ అనే తిమింగలం ఉంది. మగ నార్వాల్ ముఖం నుంచి మెలికలు తిరిగిన ఈటెలాంటిది ఒకటి పొడుచుకొని వస్తుంది. అది 3 మీటర్ల దాకా పెరగవచ్చు. చూడటానికి కొమ్ములా ఉన్నా నిజానికి అది పన్ను! పైదవడలో ఎడమవైపు కోరపన్ను పెదవిని చీల్చుకొని అలా పెరుగుతుంది. ఒకప్పుడు ఐరోపాలో దీన్ని ఒంటికొమ్ము గుర్రం కొమ్మని నమ్మించి, విషానికి విరుగుడని చెప్పి ఎంతో ధరకు అమ్మేవారు. అది సముద్ర జంతువు దంతమేనని 1638లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఓలె వోర్మ్ చూపించాడు.

నార్వాల్‌ను చూడాలంటే గ్రీన్‌లాండ్ దాకా వెళ్లాలి. కాని మెలికలు తిరిగిన కొమ్ములున్న మరో జంతువును చూడటానికి అంత దూరం పోనక్కరలేదు. అనంతపురం జిల్లాలో ఉరవకొండ, గుంతకల్లు వైపు నల్లరేగడి చేల గట్ల మీద కాసేపు ఓపికగా నిలబడితే చాలు. అదే కృష్ణజింక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు.

పేరుకు జింకే గాని, ఇది చుక్కల దుప్పి జాతికి చెందినది కాదు. దుప్పి కొమ్ములు కొమ్మలుగా చీలి ఉంటాయి, రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింక కొమ్ములు రాలవు. లోపల ఎముక, పైన మన గోళ్లలో ఉండే పదార్థంతోనే ఏర్పడిన తొడుగు. సాధారణంగా మగవాటికే కొమ్ములుంటాయి. వయసు వచ్చేకొద్దీ మగజింక ఒళ్లు నల్లబడుతుంది, ఆడది లేత గోధుమ రంగులోనే ఉండిపోతుంది. మంచు సముద్రంలో దంతమూ, మెట్టభూమిలో కొమ్మూ చాలావరకు ఒకే పనికి వస్తాయి. తోటి మగవాటి ముందు తన సత్తా చాటుకోవడానికి!

ఈ జింకకు దట్టమైన అడవి పనికిరాదు. చూపు ఆనినంత దూరం గడ్డి ఉండాలి. ప్రమాదాన్ని దూరం నుంచే కనిపెట్టి, గంటకు దాదాపు 80 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తడమే దాని రక్షణ. ఒకనాడు చీతా దీన్ని వేటాడేది. మన దేశంలో చీతా అంతరించిందని 1952లో ప్రకటించారు. 2022లో ఆఫ్రికా నుంచి తెచ్చిన చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలారు. మన మెట్టభూముల్లో మాత్రం జింకకు మిగిలిన పాత శత్రువు తోడేలే.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. ఆ కాస్త వానను నమ్ముకొని రైతు పప్పుశెనగో వేరుశెనగో విత్తుతాడు. మొలకెత్తిన చేనులో జింకల మంద పడితే మళ్లీ విత్తాలి. మళ్లీ విత్తనాలెక్కడివి? మళ్లీ వానెక్కడిది? రైతు కోపం న్యాయమైనదే. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం జింకను చంపరాదంటుంది. అదీ న్యాయమే. మరి తప్పెక్కడుంది?

మన మాటలోనే ఉందని నా అభిప్రాయం. దున్నని, చెట్లు లేని గడ్డినేలను మనం ‘బంజరు’ అంటాం. బంజరంటే ఎవరికీ పనికిరానిదనే కదా అర్థం! అందుకే దాన్ని దున్నేస్తాం, లేదా పచ్చదనం పేరుతో చెట్లు నాటుతాం. గడ్డి పోయాక జింక చేలోకి రాక ఎక్కడికి పోతుంది? గడ్డివేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి, వాననీటిని నేలలోకి ఇంకనిస్తాయి. గొర్రెల మందలు బతికేదీ ఆ గడ్డి మీదే. మనుషులకే నీళ్లు చాలని చోట జింకల గోల ఎందుకని అడిగేవారికి ఇదే జవాబు. జింకకు ఇల్లయిన గడ్డినేల మనకూ ఆధారమే.

అయితే కంచె వేసి ఊరుకుంటే సరిపోదు. ఇప్పటి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. అక్కడ జింకలు పెరిగి చుట్టుపక్కల చేల మీద పడ్డాయి, రైతులకు విసుగు పుట్టింది. ఇటు పిట్టా కరువైంది. చుట్టూ ఉన్న ఊళ్లను కలుపుకోకుండా జంతువును కాపాడటం కష్టమని ఇది చెబుతుంది. కెనడాలో ఏటా ఎన్ని నార్వాల్‌లను వేటాడవచ్చో తేల్చే చోట అక్కడి ఇన్యూట్ ప్రజలకూ మాట ఉంది. మన రైతుకూ, గొర్రెల కాపరికీ అలాంటి స్థానం దక్కాలి. పంట పోయినవారికి పరిహారం మరుసటి విత్తనాల వేళకే చేతికందాలి. మిగిలిన గడ్డినేలలను దున్నకుండా, చెట్లతో నింపకుండా గడ్డినేలలుగానే ఉంచాలి.

ధ్రువప్రాంతంలో మంచు తరిగిపోతోందని, నార్వాల్‌కు కష్టం వస్తుందని చదివి బాధపడతాం. మంచిదే. మన ఊరి పక్క గడ్డి తరిగిపోవడం కూడా అంతే పెద్ద సంగతి కాదా? విద్యార్థులారా, మీ ఊళ్లో ‘బంజరు’ అని పిలిచే నేలకు ఒక ఆదివారం వెళ్లండి. ఎన్ని రకాల గడ్డి ఉందో, ఏ పిట్టలు వాలుతున్నాయో, ఎవరి గొర్రెలు మేస్తున్నాయో రాసుకోండి. పుస్తకం నిండాక, ఆ నేలను ఏ పేరుతో పిలవాలో మీరే తేల్చండి.