కోత విపత్తు కాదా?

తుపానుకు ముందే పేరు పెడతారు. టీవీలో దాని దారి గీస్తారు, కలెక్టరు సెలవులు రద్దు చేస్తారు, తీరం దాటాక మంత్రులు హెలికాప్టరులో చూసి వెళ్తారు. పొడంపేటను మింగిన సముద్రానికి ఈ హంగామా ఏదీ లేదు. ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి చేరువలో ఉన్న ఈ తెలుగు జాలరి పల్లెను అది ఏళ్ల తరబడి కొరుక్కుతింది. ముందు వలలు ఆరేసుకునే ఇసుక పోయింది. తర్వాత ఒడ్డు వరస ఇళ్లు, వాటి వెనకాల వరస. పాత ఊళ్లో మిగిలినవి మొండిగోడలు. తలుపు ఊడిన గుమ్మంలోంచి ఒకప్పుడు వీధి కనిపించేది, ఇప్పుడు నురుగు కనిపిస్తుంది. జనాన్ని లోపలికి, కొత్త కాలనీకి తరలించారు.

దాంతో పని అయిపోయిందనుకుంటే పొరపాటు. ఇల్లు వరదలో పోతే పరిహారానికి ఒక లెక్క ఉంది. అదే ఇల్లు ఏడాదికి కొన్ని అడుగుల చొప్పున కోతకు గురై పోతే ఆ లెక్క వర్తించదు. 15వ ఆర్థిక సంఘం కాలంలో కేంద్రం విపత్తు సహాయ నిధికి గుర్తించిన విపత్తులు పన్నెండు. అందులో వడగళ్లున్నాయి, చీడపీడలున్నాయి, మంచుచరియలు కూడా ఉన్నాయి. తీరపు కోత లేదు. ఒడిశా ప్రభుత్వం పిడుగుపాటును, పాముకాటును సైతం రాష్ట్ర విపత్తులుగా గుర్తించి మంచి పని చేసింది. పాము కరిస్తే విపత్తయినప్పుడు, ఊరికి ఊరే పోతే కాకపోవడం ఏమిటి?

డబ్బు లేదనే మాట చెల్లదు. కోత నివారణకు రూ.1,500 కోట్లు, కోత వల్ల నిర్వాసితులైన వారికి రూ.1,000 కోట్లు కేటాయించాలని 2021-26 కాలానికి ఆ ఆర్థిక సంఘమే సిఫారసు చేసింది. ఒడిశా తీరంలో నాలుగో వంతుకు పైగా కోతకు గురవుతోందని కేంద్ర ప్రభుత్వ తీర పరిశోధన సంస్థే లెక్క తేల్చింది. కేంద్రపడా జిల్లాలో సాతభయా గ్రామస్థులను బాగపటియాకు తరలించిన అనుభవమూ రాష్ట్రానికి ఉంది. 2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక, గంజాం ఒడ్డున ప్రపంచ బ్యాంకు రుణంతో గట్టి ఇళ్లు కట్టిన అనుభవమూ ఉంది. లేనిదల్లా, కోతను కోతగా ఒప్పుకునే మనసు.

ఒప్పుకుంటే ఎందుకు కోసిందని కూడా అడగాల్సి వస్తుంది. తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఆ దారికి అడ్డంగా రాళ్ల గట్టు వేస్తే దక్షిణాన ఇసుక మేటవేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కరుగుతుంది. గంజాం తీరంలో ఏ గట్టు వాటా ఎంతో, నది ముఖద్వారం జరగడం వల్ల ఎంతో, తుపానుల వల్ల ఎంతో తేల్చి చెప్పే అధ్యయనాన్ని ప్రజల ముందు పెట్టాలి. దీన్ని దేవుడి మీదకు తోసేయడం సులువు. గంగమ్మ కోర్టుకు రాదు కదా.

ఇదే ఒడ్డుకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. 2025 ఫిబ్రవరిలో ఋషికుల్య దగ్గర 6 లక్షలకు పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయి. వాటి కోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా నదీముఖం ఎదుట 20 కిలోమీటర్ల మేర వేట నిషేధం. ఆ నిషేధాన్ని మేం తప్పుపట్టం. ఈ పల్లెల కుర్రాళ్లే రాత్రిళ్లు కాపలా కాసి తాబేలు పిల్లలను నీళ్లలోకి చేరుస్తారు. కానీ గూళ్లను ఇంత శ్రద్ధగా లెక్కపెట్టే ప్రభుత్వం, సముద్రంలో కలిసిన ఇళ్లను, బావులను, కొబ్బరిచెట్లను కూడా అంతే శ్రద్ధగా లెక్కపెట్టి జాబితా బయట పెట్టాలి. తాబేలుకు దక్కిన రిజిస్టరు మనిషికీ దక్కాలి.

పోయేది ఒడ్డు ఒక్కటే కాదు, భాష కూడా. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి కొత్త ఒడిశాలోకి వెళ్లినప్పుడు, ఇక్కడి మత్స్యకారులైన వాడబలిజల, జాలరుల తెలుగు కూడా సరిహద్దు అవతలే ఉండిపోయింది. ఒడియాలో వాళ్లను నోళియాలంటారు. ప్రాథమిక విద్య మాతృభాషలో అందాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతున్నా, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు బడిలో ఒడియా పుస్తకం పట్టుకుంటున్నారు. ఊరు కదిలినప్పుడల్లా ఆ భాష ఇంకాస్త పలచబడుతుంది. ఆంధ్ర ప్రభుత్వం పండగ పూట పలకరించి ఊరుకోకుండా పుస్తకాలు, పంతుళ్లు ఇస్తామని ముందుకు రావాలి.

ఒడిశా ప్రభుత్వం చేయాల్సిన మొదటి పని తీరపు కోతను రాష్ట్ర విపత్తుల జాబితాలో చేర్చడం. అది ఒక్క జీవోతో అయ్యే పని. రెండోది జాలరి ఇంటికి అర్థం తెలుసుకోవడం. అతనికి ఇల్లంటే నాలుగు గోడలే కాదు, తెల్లవారుజామున గాలి ఎటు ఉందో గుమ్మంలోంచి చూడగలగడం. కాలనీకి పట్టా ఇచ్చేటప్పుడు నావ లాగిపెట్టే ఒడ్డు, వల ఆరేసే నేల, చేపలు ఎండబెట్టే చోటు కూడా సర్వే నంబరుతో ఊరి పేరు మీద రాసివ్వాలి.