మా దాహం పేరుతో ఆదివాసీ ఊళ్ళు ముంచొద్దు

పోలవరం నిర్వాసితుల గురించి నోరెత్తితే చాలు, "రాయలసీమ ఎండిపోతుంటే మీకు మీ ఊళ్ళే ముఖ్యమా?" అంటారు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, నాది రాయదుర్గం. దీనికి జవాబు మేమే చెప్పాలి.

మా పొలాలకు ఆధారం తుంగభద్ర హెచ్చెల్సీ, వేదవతి మీది భైరవానితిప్ప. హెచ్చెల్సీకి కాగితం మీద 32.5 టీఎంసీలు. తుంగభద్ర డ్యాం మాత్రం పూడిక నిండి 133 నుంచి సుమారు 105 టీఎంసీలకు పడిపోయింది. ఆ పూడికను పోలవరం తీస్తుందా?

గోదావరి నుంచి 80 టీఎంసీలు కృష్ణా డెల్టాకు ఇస్తే, అంత కృష్ణా నీరు పైన మిగిలి సీమకు వస్తుందని లెక్క చెప్తారు. అందులో 35 కర్ణాటక, మహారాష్ట్రలవి. మిగిలిన 45 మీద తెలంగాణ హక్కు అడుగుతోంది. ఇంక మా చేలకు వచ్చేదెంత? ఎవరూ రాసివ్వలేదు.

సీమ నీళ్ళకు తొలి ప్రాధాన్యం అని 1937లోనే శ్రీబాగ్ ఒడంబడికలో రాసుకున్నారు. అది పంచుకునే మాట. పంచుకోవడానికి కోయల ఊరు, కొండరెడ్ల ఊరు ఒక్కటీ మునగక్కర్లేదు. డెల్టా రైతు మాకు శత్రువు కాదు. కానీ అక్కడ రెండో వరికి నీళ్ళిచ్చే ముందు, మెట్టలో తాగునీళ్ళు, ఒక్క ఆరుతడి పంట దక్కాలి.

పునరావాసం పూర్తి కాకముందే కాఫర్ డ్యాం లేపారు. దేవీపట్నం వైపు ఊళ్ళలోకి గోదావరి వచ్చింది. ఆఖరి కుటుంబానికి భూమికి భూమి, ఇల్లు అందేదాకా, గ్రామసభ మాట వినేదాకా అక్కడ నీళ్ళు నిలపొద్దు. ఈ మాట సీమ నుంచి కూడా గట్టిగా రావాలి.