ఈత లెక్క: చెరువు రైతుల ప్రణాళిక

గజపతినగరం చుట్టుపక్కల చెరువుల్లో బొచ్చె, శీలావతి, మోసు పెంచే వాళ్లం, గట్టు మీద కాపలా కాసే వాళ్లం, వల లాగే వాళ్లం కలిసి ఈ ప్రణాళిక రాసుకున్నాం. మా మాట ఒక్కటే. చేప బాగుందో లేదో అది ఈదే తీరే చెబుతుంది. ఆ తీరును రోజూ చూడాలి, పుస్తకంలో ఎక్కించాలి.

ఇప్పటిదాకా మన లెక్కలన్నీ చచ్చిన చేపవే: ఎన్ని టన్నులు, కిలో ఎంత, ఎన్ని తేలాయి. "సేపలు తేలిపోతన్నాయిరా, బేగి రండి" అన్న కేక తెల్లారగట్ల వినబడేసరికి చేయగలిగింది కొంచెమే మిగులుతుంది. నీటిని పచ్చగా చేసే నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తానే వాడుకుంటుంది. అందుకే సూర్యోదయానికి ముందు ఆక్సిజన్ అడుగంటుతుంది, ముసురు పట్టిన మర్నాడు మరీను. లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే చేపకు ఊపిరి తేలిక. 3 కన్నా దిగితే కష్టకాలం మొదలైనట్టే. మూతులు పైకెత్తి గుటకలు వేసేలోపే చాలాసార్లు మేత దగ్గరికి రావడం ఆలస్యమవుతుంది, తిరుగుడు మందగిస్తుంది.

శాస్త్రజ్ఞులు చేప ఒత్తిడిని రక్తంలోని కార్టిసాల్ హార్మోనుతో కొలుస్తారు. రక్తం తీయాలంటే చేపను పట్టాలి; పట్టుకున్న కొద్ది నిమిషాలకే ఆ హార్మోను పెరుగుతుంది. ఈ చిక్కు తప్పించుకోవడానికే నార్వేలో సాల్మన్ల పొట్టలో కదలికను పసిగట్టే పరికరాలు అమర్చి చూశారు. స్పెయిన్ పరిశోధకులు గ్రాము బరువున్న పరికరాన్ని మొప్ప కప్పుకు తగిలించి కదలికనూ ఊపిరినీ కలిపి కొలిచారు. కెమెరాతో తోక ఊపులు లెక్కించే పద్ధతులూ వచ్చాయి. మన చెరువు నీళ్లలో కెమెరాకు జానెడు దూరం కూడా కనబడదు గనుక వాటి కోసం కూర్చోం.

కొల్లేరు రైతులు తవుడు సంచులకు కన్నాలు పెట్టి కర్రలకు వేలాడదీసి మేపుతారు. ఆ సంచే మన కొలబద్ద. సంచి కట్టిన ఎంతసేపటికి మొదటి కుదుపు వచ్చింది? ఎంతసేపటికి ఖాళీ అయింది? తెల్లారగట్ల ఎన్ని మూతులు పైన కనబడ్డాయి? ఒకేచోట నిలబడి చూస్తే పది నిమిషాల్లో ఎన్ని చేపలు ఎగిరాయి? నాలుగే అంకెలు. పక్కన నీటి వేడి, ఆకాశం తీరు తప్పక రాయాలి. పుష్యమాసపు చలికి చేప నెమ్మదించడం సహజం, దాన్ని జబ్బు కింద జమకట్టకూడదు.

చురుగ్గా ఈదితే సుఖంగా ఉన్నట్టేనన్న నమ్మకాన్ని ఒప్పుకోం. మేతకు పరుగెత్తేదీ చురుకే, వలకు బెదిరేదీ చురుకే. పేను పట్టిన చేప కర్రలకు ఒళ్లు రాసుకుని గెంతుతుంది. (ఆ గెంతులు చూసి మురిసిపోయేవాళ్లు మాలోనూ ఉన్నారు.) కాబట్టి అన్ని చెరువులకూ ఒకే అంకె పెట్టం. ఏ చెరువు మామూలు ఆ చెరువుదే. దాన్నుంచి ఎక్కువైనా తక్కువైనా ఆరా తీస్తాం: ఆక్సిజన్ కొలుస్తాం, మేత ఆపుతాం, కొత్త నీరు పెడతాం. చెరువు పట్టలేనన్ని పిల్లల్ని వదలం. మిట్టమధ్యాహ్నం వల లాగం.

భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ నార్వే వారితో కలిసి జయంతి రోహు అనే శీలావతి రకాన్ని తీర్చిదిద్దినప్పుడు తరతరానికీ ఎదుగుదల కొలిచింది. ఈతను కూడా అంత పట్టుదలగా కొలవమని ఆ సంస్థను అడుగుతున్నాం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మనిషి కాని ప్రతి ప్రాణినీ జంతువుగానే లెక్కిస్తుంది. చేపకు మినహాయింపు లేదు. అందుకే మత్స్యశాఖ ప్రతి మండలానికీ ఆక్సిజన్ మీటరు ఇవ్వాలి. చేప పిల్లల్ని సంఖ్య చూసి మాత్రమే అప్పగించడం మానాలి. పళ్లెంలో నీళ్లు సుడి తిప్పితే ఆరోగ్యమైన పిల్ల ఎదురీదుతుంది. ఆ పరీక్ష మా కళ్లముందు జరగాలి. ఎదురీదని పిల్లల సంచి దించుకోం.

సభ్యత్వానికి రుసుము లేదు. నెల రోజులు రాసిన పుస్తకం తెచ్చినవారు సభ్యులు. రాయడం రానివారికి ఇంట్లో బడికెళ్లే పిల్లలు రాసిపెట్టవచ్చు, వేలిముద్ర చాలు.