ముప్పు పెట్టె లోపలే ఉంది

కరెంటు స్తంభం చేరని తోటలో ఇంటికో, పొలంలో షెడ్డుకో సోలార్ పెట్టించుకునేవాళ్లు ప్యానెళ్ల గురించి నెలల తరబడి ఆరా తీస్తారు. బ్యాటరీ లెడ్ యాసిడ్‌దా, లిథియందా అని తెలిసినవాళ్లందరినీ అడుగుతారు. ఇన్వర్టర్ దగ్గర గట్టిగా బేరమాడతారు. బ్రేకర్లు, ఫ్యూజులు, కేబుల్ జాయింట్లు ఉండే పెట్టె మాట వచ్చేసరికి మాత్రం ‘దాందేముంది, ఏదో ఒక డబ్బా బిగించెయ్’ అంటారు. కాస్త తెలిసినవాళ్లయితే ‘ఐపీ 65 తీసుకురా, వానొచ్చినా ఢోకా ఉండదు’ అంటారు. రెండు మాటలూ తప్పే. రెండోది ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది విన్నవాడు ఇక నిశ్చింతగా ఉండిపోతాడు.

ఐపీ 65లో 6 అంటే దుమ్ము దూరదని, 5 అంటే గొట్టంతో నీళ్లు చిమ్మినా లోపలి సరుకు చెడదని. అంతవరకే. లోపల పుట్టే వేడి గురించీ, లేచే నిప్పు గురించీ ఆ అంకెలు ఒక్క ముక్క చెప్పవు. గ్రిడ్డుతో సంబంధం లేని సోలార్‌లో అసలు భయపడాల్సింది ఆ రెంటికే.

లెక్క చూడండి. 5 కిలోవాట్ల లోడు 230 వోల్టుల ఇంటి లైన్లో సుమారు 22 ఆంపియర్లు లాగుతుంది. అదే లోడుకు 48 వోల్టుల బ్యాటరీ వైపు వంద ఆంపియర్లు దాటుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఒకే నిరోధం ఉన్న జాయింటులో ఇక్కడ దాదాపు 23 రెట్ల వేడి పుడుతుంది. కేబుల్ చివర తొడిగే లగ్ సరిగ్గా క్రింప్ కాక ఒక మిల్లీఓమ్ నిరోధం మిగిలినా చాలు, ఆ ఒక్క చోటే 10 వాట్లు. చిన్న గదిలాంటి స్థలమైతే ఆ వేడి చెదిరిపోతుంది. గాలాడని అరచేతి వెడల్పు డబ్బాలో ఎటు పోతుంది? పైగా రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల ఎండలో, పడమటి గోడ మీద. ఇళ్లలో వాడే చిన్న బ్రేకర్, అంటే ఎంసీబీ రేటింగు 30 డిగ్రీల దగ్గర లెక్కగట్టింది. ఆ డబ్బాలో అది తన రేటింగు కన్నా తక్కువ కరెంటుకే పడిపోతుంది. అప్పుడు మనవాళ్లు చేసే పని, దాన్ని తీసి పెద్దది వేయడం. కేబుల్ మాత్రం పాతదే.

ఇలాంటి డబ్బా మూత తీసి చూస్తే సంగతి అర్థమవుతుంది. బ్రేకర్ పాజిటివ్ టెర్మినల్ చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. లగ్ పక్కన కేబుల్ తొడుగు బిరుసెక్కి, వేలితో నొక్కితే పెళుసుగా విరుగుతుంది. బయట నుంచి మాత్రం డబ్బా కొత్తదానిలాగే ఉంటుంది, చుక్క నీరు దూరలేదు.

ఇక నిప్పు. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది, కాబట్టి బ్రేకర్ తెరుచుకోగానే రవ్వ తనంతట తానే ఆరుతుంది. డీసీకి ఆ సున్నా లేదు. ప్యానెళ్లు పది వరుసగా కలిపితే 400 వోల్టులు దాటుతుంది, అక్కడ లేచిన ఆర్క్ ఎండ ఉన్నంతసేపూ మండగలదు. బ్యాటరీ షార్టయితే వేల ఆంపియర్లు దూకుతాయి. ఇంటి ఎంసీబీ మీద, ఎన్ని ఆంపియర్ల షార్టును తెంచగలదో చెబుతూ రాసిన 10000 ఏసీకి సంబంధించిన అంకె, డీసీకి అది హామీ కాదు. డీసీ ఎంసీబీలే తెచ్చినా, కొన్నింటికి ప్లస్సు, మైనస్సు గుర్తులుంటాయి. తిరగేసి బిగిస్తే ఆర్క్ ఆర్పే ఏర్పాటు పనిచేయదు. ఇన్ని పొరపాట్లకు చోటున్నప్పుడు, పొరపాటు జరిగితే మంటను లోపలే ఆపి ఉంచేది పెట్టె ఒక్కటే. మామూలు పీవీసీ డబ్బాకు, చెక్క బోర్డుకు ఆ శక్తి లేదు.

అందుకే గోడ లోపలి వైపు పెట్టేదైతే పౌడర్ కోటింగ్ వేసిన ఉక్కు పెట్టే కావాలంటాను. ‘ఇనుము షాక్ కొడుతుంది, ప్లాస్టిక్కే నయం’ అనే వాదన ఊరూరా ఉంది. ఎర్తింగ్ చేయని ఇనుము కొడుతుంది, నిజమే. దానికి మందు ఎర్తింగే. ‘తుప్పు పడుతుంది’ అనే అభ్యంతరంలో మాత్రం బలముంది. భీమవరం చెరువుల గట్ల మీదా, సముద్రపు గాలి తగిలే చోటా మామూలు ఉక్కు నిలవదు. అక్కడ స్టెయిన్‌లెస్ గానీ, మంట అంటుకోని రకం ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ కలిపిన ప్లాస్టిక్) గానీ తీసుకోవాలి. ‘అయిదేళ్లుగా ఏమీ కాలేదు’ అనేవాళ్లను ఒకటి అడగాలి. మొదట్లో నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు. తర్వాత ఫ్రిజ్ వచ్చింది, మోటారు వచ్చింది. పెట్టె మారిందా?

సైజు దగ్గరా ఇదే పిసినారితనం. 35, 50 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ అంత తేలిగ్గా వంగదు. ఇరుకు పెట్టెలో బలవంతంగా వంచితే అది స్ప్రింగులా లాగుతూనే ఉంటుంది, నెలల్లో నట్టు వదులవుతుంది, మళ్లీ ఆ మిల్లీఓమ్ దగ్గరికే వస్తాం. కావాలనుకున్న దానికన్నా ఒక సైజు పెద్దది కొనాలి. కేబుళ్లు అడుగు నుంచే రావాలి, ప్రతి కన్నానికీ కేబుల్ చుట్టూ బిగిసి మూసే గ్లాండ్ ఉండాలి. ఖాళీగా వదిలిన ఒక్క కన్నంలోంచి బల్లి దూరి బస్‌బార్ల మధ్య పడితే చాలు. ఏసీ, డీసీ వేర్వేరు పెట్టెల్లో ఉండాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీలున్న అరలో బ్రేకర్లు అసలు పెట్టకూడదు. ఛార్జింగులో వచ్చే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే రవ్వకు అంటుకుంటుంది.

గ్రిడ్డుకు కలిపే సోలార్‌నైతే నెట్ మీటరు పెట్టే ముందు డిస్కం మనిషి వచ్చి చూస్తాడు. తోటలో పెట్టుకున్న దాన్ని చూడటానికి సాధారణంగా ఎవరూ రారు. కాబట్టి ఈ పని యజమానిదే. కొటేషన్‌లో ‘వైరింగ్ సామగ్రి, ఒక లాట్’ అని రాసి తెస్తే ఒప్పుకోవద్దు. పెట్టె దేనితో చేసింది, కొలతలెంత, లోపలి ఒక్కో బ్రేకర్‌కు, ఫ్యూజుకు డీసీలో ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్ల షార్టును తెంచగలదు అన్నది విడివిడిగా రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.