ఇంకో ఇరవై థౌ, ఫికర్ నక్కో!

మనవాళ్ల మధ్య కూర్చుని మెకానిక్ ఉస్తాద్‌ల మీద ఒక్క మాట అంటే చాలు, "మన హునర్‌ను మనమే బద్నాం చేసుకుంటామా?" అని నిలదీస్తారు. చేసుకుందాం. బయటివాడు అనకముందే మనం అనుకోవడం మేలు.

నేను మాట్లాడేది ఇంజన్ బోరు గురించి. పాత బండి నీలం పొగ కక్కుతూ ఆయిల్ తాగుతుంటే లేత్ షాపులో సిలిండర్‌ను కాస్త పెద్దగా కోయించి, దానికి సరిపడే ఓవర్‌సైజు పిస్టన్ వేయిస్తాం కదా, అదే. తిరుపతి, చిత్తూరు, పీలేరు, మదనపల్లె, ఏ ఊరి షెడ్డుకు వెళ్లినా స్పానర్ పట్టిన చేతుల్లో మన పిల్లల చేతులు తక్కువేమీ కావు. 2006 నాటి సచార్ కమిటీ రిపోర్టు కూడా ముస్లింలు ఎక్కువగా కనిపించే పనుల్లో బండ్ల రిపేరును చెప్పింది. అంటే ఇది పరాయి మసలా కాదు, మన రోజీరోటీ.

మా దుల్హాభాయ్‌కి ఒక పాత వ్యాను ఉండేది. మదనపల్లె నుంచి తిరుపతికి టమాటా, తిరుగుదారిలో కిరాణా సరుకు. వచ్చేటప్పుడు లోడుతో భాకరాపేట ఘాట్ ఎక్కాలి. ఇంజన్ అప్పటికే రెండుసార్లు బోరు అయింది. మూడోసారి షాపు చెప్పింది నేనే. ఎందుకంటే ఆ ఉస్తాద్ మనోడు! ఆయన సిలిండర్‌లో వేలు పెట్టి ఒక చుట్టు తిప్పి, "ఇంకో ఇరవై థౌ లాగేద్దాం భాయ్, ఫికర్ నక్కో" అన్నాడు. మైక్రోమీటర్ బీరువా మీద దుమ్ము కొట్టుకుని ఉంది. చూశాను. జర్నలిస్టునై ఉండి కూడా నోరు తెరవలేదు. ఆపా గాజులు బ్యాంకులో పెట్టి ఖర్చు కట్టాం.

నాలుగు నెలలకు ఘాట్‌లో బండి ఆగింది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ దూద్ చాయ్ రంగులో ఉంది. సిలిండర్ గోడ చిట్లి నీళ్లు ఆయిల్‌లో కలిశాయి. బ్లాకు ఖతం.

ఇప్పుడు లెక్క చూడండి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఓవర్‌సైజు పిస్టన్లు మామూలుగా పది, ఇరవై, ముప్ఫై, నలభై థౌలలో దొరుకుతాయి. మిల్లీమీటర్లలో సుమారు 0.25, 0.50, 0.75, 1.00. అన్ని ఇంజన్లకూ నలభై దాకా పోవడానికి లేదు, కొన్నింటికి ఇరవైతోనే సరి. తయారుచేసినవాడి పుస్తకంలో ఆఖరి సైజు ఏదో అదే హద్దు. (తెలుగువాళ్లు తమదే అనుకునే ఈ మాట మన 'హద్' నుంచే వచ్చింది. మాట ఇచ్చింది మనం, దాటుతున్నదీ మనమే.)

నలభై థౌ కోస్తే ఒక్కో పక్క పోయేది అర మిల్లీమీటరే కదా అంటారు. నిజమే. కానీ గోడ అన్ని వైపులా ఒకే మందం ఉంటుందని ఎవరన్నారు? పోత పోసేటప్పుడు ఇసుక కోర్ కాస్త జరిగినా ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా వస్తుంది. పైగా మన జిల్లాలో రేడియేటర్‌లో కూలెంట్ పోసేవాళ్లెంతమంది? ఉప్పు బోరునీళ్లే పోస్తాం. ఆ నీళ్లు గోడను వెనకనుంచి తుప్పుతో తింటాయి, ముందునుంచి ఉస్తాద్ కోస్తాడు. పల్చబడిన గోడ ఘాట్ వేడికి వంకరపోతుంది, రింగులు ఆనవు, కంప్రెషన్ పోతుంది, ఆఖరికి చిట్లుతుంది. హద్దు దాటాక ఆ ఇంజన్ పిస్టనే దొరకదు, కాబట్టి ఇంకో బండి పిస్టన్ తెచ్చి ఇరికిస్తారు. బరువు వేరు, పిన్ను ఎత్తు వేరు. అదో జబర్దస్తీ నికా.

వేలికి పైన పడిన గాడి తెలుస్తుంది, ఒప్పుకుంటాను. కానీ సిలిండర్ గుండ్రంగా అరగదు, పైన ఎక్కువ, కింద తక్కువ అరుగుతుంది. మూడు ఎత్తుల్లో, రెండేసి దిక్కుల్లో బోర్ గేజ్ పెట్టాలి, ఆరు కొలతలు. పిస్టన్‌కీ గోడకీ మధ్య ఉండాల్సిన సందు చాలా ఇంజన్లలో తలవెంట్రుక మందానికి అటూ ఇటూ. ఏ ఉస్తాద్ వేలు దాన్ని కొలుస్తుంది?

"గరీబోడు లైనర్‌కు డబ్బు ఎక్కడ తెస్తాడు?" అని అడుగుతారు. లైనర్ దిగ్గొడితే ఖర్చు ఎక్కువే, కానీ బోరు మళ్లీ స్టాండర్డ్ సైజుకు వస్తుంది. గరీబోడు రెండుసార్లు కట్టడం ఏ రహమ్? బ్లాకు మారిస్తే ఆర్సీలో ఇంజన్ నంబరు మార్పించుకోవాలి, ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగాలనే భయం కూడా ఉంది, తెలుసు. పాతది పారేసి కొత్తది కొనమనే షోరూంవాళ్లకు నేను వకీల్‌ని కాను. రిపేరు చేయాల్సిందే. కొలిచి చేయండి.

తూకంలో దగా గురించి ఏకంగా సూరా ముతఫ్ఫిఫీన్ ఉంది. జుమా బయాన్‌లో ఎప్పుడూ కిరాణాకొట్టు తరాజు గురించే వింటాం. బీరువా మీద దుమ్ము పట్టిన ఆ మైక్రోమీటర్ తరాజు కాదా?

నేను అడిగేది ఒక చీటీ. కోయకముందు సైజు, కోశాక సైజు, పిస్టన్ సైజు, క్రాంక్ గ్రైండ్ చేస్తే దాని సైజు, కింద ఉస్తాద్ దస్తఖత్. ఇంజన్ ఇప్పించే ప్రతి భాయ్, ఇంటి జేవర్ తాకట్టు పెట్టే ప్రతి బెహన్ ఈ చీటీ చేతికొచ్చాకే డబ్బు ఇవ్వండి. మనోడైతే మరీ గట్టిగా అడగండి.

ఆ ఉస్తాద్ మాత్రం ఇప్పటికీ తప్పు ఘాట్‌దే అంటున్నాడు. ఆపా నన్ను ఒక్క మాట అనలేదు. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి, షాపు చెప్పింది నేనే కాబట్టి వడ్డీ నేను కడుతున్నాను.