ఇంట్లోకి వాల్వుల పెట్టె వచ్చిందా?

కాకినాడ నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరమే రాశారు. వాళ్ళాయన ఉద్యోగం చేసినంతకాలం అటక మీద పడి ఉన్న ఎలక్ట్రిక్ గిటారును రిటైరయ్యాక కిందికి దింపారట. దింపితే దింపారు, దానికి తోడుగా ‘చేత్తో తయారుచేసిన పాతకాలపు వాల్వుల యాంప్లిఫయర్’ అని ఒకటి తెప్పించారట. “చూడ్డానికి మా అమ్మమ్మగారి ట్రంకుపెట్టెలా ఉంది. తిప్పడానికి ఒకే ఒక్క మర. వెనకాల బల్బుల్లాంటివి మూడు ఎర్రగా వెలుగుతాయి. షాపులో ఇంతకంటే చాలా చవగ్గా వస్తుందట, ఈయన ఎందుకింత పోశారో నాకర్థం కాలేదు. డబ్బు సంగతి అలా ఉంచండి, ఇంట్లో పాకే మనవడున్నాడు. ఇది ప్రమాదమా, కాదా చెప్పండి” అని అడిగారు. చివర్లో చిన్న అక్షరాలతో, “నేనూ చిన్నప్పుడు వీణ నేర్చుకున్నాను లెండి” అని కూడా రాశారు.

ఇది ఆవిడ ఒక్కరి సమస్యే కాదు. ఈమధ్య ఇంట్లో వాయించుకోవడానికి ఇలాంటి పెట్టెలు తెప్పించుకునే సరదా చాలామందికి పట్టుకుంది. కాబట్టి కాస్త వివరంగానే చెప్పుకుందాం.

మన పెద్దవాళ్ళ ఇళ్ళల్లో మర్ఫీ, ఫిలిప్స్ వాల్వు రేడియోలు ఉండేవి, గుర్తుందా? స్విచ్ వేశాక అర నిమిషం ఆగితేగాని మాట వినిపించేది కాదు. ఈ యాంప్లిఫయర్ ఆ రేడియోకి సాక్షాత్తూ తోబుట్టువు. ఎలక్ట్రిక్ గిటారు తీగ మీటితే దానంతటదిగా వచ్చే శబ్దం దోమ రొదకన్నా కొంచెం ఎక్కువ, అంతే. తీగ కింద ఉన్న అయస్కాంతం, రాగితీగ చుట్ట కలిసి ఆ కదలికను చిటికెడు కరెంటుగా మారుస్తాయి. ఆ చిటికెడును పెంచి స్పీకరు దాకా తెచ్చేది ఈ పెట్టె.

ఇలా పాతకాలం పద్ధతిలో చేసే చిన్న పెట్టెల్లో ఎక్కువగా కనిపించేది అమెరికాలో ఫెండర్ కంపెనీవారు 1950లలో తయారుచేసిన ‘చాంప్’ అనే యాంప్లిఫయర్‌కు నకలు. మన సోదరి వర్ణన చూస్తే వారిదీ అదే అనిపిస్తోంది. మూడు వాల్వులు, ఎనిమిది అంగుళాల స్పీకరు ఒకటి, సుమారు 5 వాట్ల బలం. ఒక వాల్వు (12ఏఎక్స్7) చిన్న కరెంటును పెంచుతుంది. రెండోది (6వి6) స్పీకరును ఊపేంత బలం ఇస్తుంది. మూడోది (5వై3) లోపలి పనులకు కావలసిన డి.సి. కరెంటు తయారుచేస్తుంది. అంతే సరంజామా. చిన్నది గదా అని తీసిపారేయకండి. 1970లో ఎరిక్ క్లాప్టన్ ‘లైలా’ రికార్డు చేసినప్పుడు వాయించింది ఇలాంటి చిన్న చాంప్‌లోంచే.

ఇక ప్రమాదం సంగతి. ఆ ప్రశ్న ముందు అడిగినందుకు ఆవిణ్ణి మెచ్చుకోవాలి. గిటారు తీగలు వైరు ద్వారా ఈ పెట్టె లోపలి లోహపు చట్రానికి కలిసి ఉంటాయి. అంటే వాయించే మనిషి చేతులు ఎప్పుడూ ఆ చట్రాన్ని పట్టుకుని ఉన్నట్టే లెక్క. ఎర్త్ సరిగా ఉంటే అదే రక్షణ. ఎర్త్ లేక, లోపల ఎక్కడో కరెంటు చట్రానికి తగిలిందనుకోండి, అది తీగల్లోకి, తీగల్లోంచి మనిషిలోకి వస్తుంది. 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో లెస్లీ హార్వీ అనే గిటారు వాద్యకారుడు గిటారు చేతిలో ఉండగా ఎర్త్ లేని మైకును ముట్టుకుని వేదిక మీదే ప్రాణం పోగొట్టుకున్నాడు.

కాబట్టి అమ్మలూ, మొట్టమొదటి పని: ఆ ప్లగ్గుకు మూడు పిన్నులున్నాయా చూడండి. ఉంటే సరిపోదు, మీ గోడలోని సాకెట్టుకు నిజంగా ఎర్త్ ఉందా చూడాలి. మనవైపు చాలా ఇళ్ళల్లో మూడో రంధ్రం అలంకారానికే ఉంటుంది, వెనక తీగే ఉండదు. ఎలక్ట్రీషియన్ని పిలిచి ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టించండి. బల్బు నిండుగా వెలగాలి. గుడ్డిగా వెలిగినా, అసలు వెలగకపోయినా ముందు ఎర్త్ పని చేయించి, ఆ తర్వాతే సంగీతం. రెండు పిన్నుల అడాప్టర్ తగిలించి వాయిస్తామంటే మాత్రం ససేమిరా ఒప్పుకోకండి. మెయిన్ బోర్డులో ఆర్.సి.సి.బి. ఉంటే మంచిదే. కానీ అది గోడవైపు కరెంటుకే కాపలా. పెట్టెలోని ట్రాన్స్‌ఫార్మర్ అవతల ఉండే కరెంటును అది కనిపెట్టలేదు.

ఆ అవతలి కరెంటు మన గోడ కరెంటుకన్నా పెద్దది. 300 వోల్టులు దాటి ఉంటుంది. పైగా ప్లగ్గు పీకేసినా వెంటనే పోదు. ఫ్యానులో కండెన్సరు ఉంటుందని మీకు తెలుసు గదా, అలాంటివే ఇందులోనూ ఉంటాయి. అవి స్విచ్ కట్టేశాక కూడా కరెంటును పట్టి ఉంచుకుంటాయి. “ప్లగ్గు తీసేశానుగా, విప్పి దుమ్ము దులుపుతాను” అని ఎవరూ స్క్రూడ్రైవరు పట్టుకోకూడదు. మీవారైనా సరే. పైపైన పొడిగుడ్డతో తుడవండి, చాలు. పనిమనిషికి కూడా ఒకమాట చెప్పి ఉంచండి, తడిగుడ్డ దాని దగ్గరికి రాకూడదని.

మనవడి సంగతికొస్తే, వాడికి ముందు ఎదురయ్యే ప్రమాదం వేడి. ఆ గాజు వాల్వులు, ముఖ్యంగా 6వి6, వేలు పెడితే బొబ్బ ఎక్కేంత కాలుతాయి. పెట్టె వెనకభాగం కొంత తెరిచే ఉంటుంది. తయారుచేసినవారిని అడిగితే వెనక జాలీ బిగించి ఇస్తారు. జాలీ వచ్చేదాకా పిల్లవాడి చేతికందని గట్టి బల్ల మీద, లాగితే మీద పడకుండా వైరును వెనక్కి కట్టి ఉంచండి. ఇంకోమాట. మనకు టీవీకీ రేడియోకీ క్రోషా కవర్లు కుట్టి కప్పే సరదా ఎక్కువ. దీనికి కప్పదలిస్తే స్విచ్ కట్టేసి, వాల్వులు పూర్తిగా చల్లారాక కప్పండి. వాయించేటప్పుడు మాత్రం గాలి ఆడాలి, గోడకు జానెడు దూరం ఉండాలి. అలమరలో దూర్చడం అసలే పనికిరాదు.

శబ్దం గురించి ఆవిడ అడగలేదుగాని, నేనైతే ఎర్త్ తర్వాత దాని గురించే బెంగపడతాను. 5 వాట్లంటే మన పడకగది జీరో బల్బంత కూడా కాదు గదా అనుకుంటాం. అక్కడే మోసపోతాం. బలం పది రెట్లు పెరిగితేగాని మన చెవికి శబ్దం రెండింతలైనట్టు వినిపించదు. అంటే కచేరీల్లో పెట్టే 50 వాట్ల పెట్టెతో పోలిస్తే మన 5 వాట్లది అందులో సగం మోత మోస్తుందన్నమాట! మర పూర్తిగా తిప్పితే మిక్సీని మించిపోతుంది. వంటింట్లో స్టీలు గ్లాసులు కూడా తాళం వేస్తాయి.

మరి తగ్గించి వాయించుకోవచ్చు గదా అంటారు. వాయించుకోవచ్చు. కానీ ఈ వాల్వుల సొగసంతా మర సగం దాటాకే బయటికొస్తుంది. పోపు పెట్టేటప్పుడు నూనె కాగితేగాని ఆవాలు చిటపటలాడవు చూశారూ, అలాగే వాల్వును దాని శక్తి చివరిదాకా తోస్తేనే స్వరం అంచుల్లో కమ్మని గరగర పుడుతుంది. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గరగరగా, వేళ్ళకు తగ్గట్టు పలుకుతుంది. మీవారు డబ్బు పోసింది దానికే. ఇంటికి చిన్న వాట్ల పెట్టె ఎందుకంటే, పెద్దదాన్ని అంతవరకూ తోస్తే ఇల్లు ఎగిరిపోతుంది గనక.

దీనికి మధ్యేమార్గం ఉంది. యాంప్లిఫయర్‌కూ స్పీకరుకూ మధ్య ‘అటెన్యుయేటర్’ అనే చిన్న డబ్బా పెడితే అది కొంత బలాన్ని వేడిగా మార్చేసి మోత తగ్గిస్తుంది. తోచిన డబ్బా పెట్టకుండా, ఆ పెట్టెకు సరిపడేది తయారుచేసినవారినే అడిగి పెట్టించాలి. అపార్ట్‌మెంటులో ఉండేవారు పెట్టెను నేల మీద కాకుండా రబ్బరు చాప వేసిన స్టూలు మీద పెడితే కింది వాటావాళ్ళకు దడదడ తగ్గుతుంది. చెవుల విషయంలో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి, పనిచేసే చోట్ల కోసం, చెప్పే లెక్క ఉంది. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు ఎనిమిది గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగం చేసుకుంటూ పోవాలి. 100 దగ్గరికి వచ్చేసరికి పావుగంటే మిగులుతుంది. ఈ పెట్టె మర చివరికి తిప్పి ఎదురుగా కూర్చుంటే దాదాపు అక్కడికే చేరుతుంది. ఆ లెక్క కూడా పెద్దవాళ్ళకి. పసివాణ్ణి ఆ గదిలో ఉంచొద్దు.

ఇప్పుడు డబ్బు సంగతి. చేత్తో చేసినదానికి అంత ధర ఎందుకు?

లియో ఫెండర్ అనే ఆయన 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఊళ్ళో రేడియో రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. ఆ దుకాణమే పెరిగి గిటార్లు, యాంప్లిఫయర్లు చేసే ఫ్యాక్టరీకి దారితీసింది. పేరు ఆయనది, చేతులు మాత్రం చాలావరకు ఆడవాళ్ళవి. అబిగెయిల్ ఇబార్రా అనే ఆవిడ 1956లో ఆ పనిలో చేరి, గిటారు అయస్కాంతాల చుట్టూ తలవెంట్రుకంత సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టేవారు. తీగ తెగకుండా, మరీ బిగుసుకోకుండా వేళ్ళతోనే నడిపించాలి. 2013లో విరమించేదాకా ఆవిడ చేసింది ఆ పనే. ఆవిడ చుట్టిన చుట్టలకు సంగీతం వాళ్ళలో ప్రత్యేకమైన గిరాకీ.

యాంప్లిఫయర్ల లోపలి వైరింగు కూడా అంతే. గట్టి అట్టకు కాజాల్లా చిల్లులు పెట్టి, వాటికి ఇత్తడి కళ్ళు కొట్టి, ఒక్కొక్క కళ్ళోనూ ఒక్కొక్క భాగం కాలు దూర్చి సీసం పోయాలి. ఆ పెట్టె ఎవరు అల్లారో గుర్తుగా చిన్న టేపు ముక్క మీద పేరు రాసి లోపల అంటించేవారు. ఇప్పుడు ఆ పాత పెట్టెలు సేకరించేవాళ్ళు మూత విప్పగానే ముందు వెతికేది ఆ టేపునే. ‘లిలీ’ అని ఉంటే మురిసిపోతారు. టేపు మీద ఇంటిపేరు ఉండదు, వట్టి పేరే. లోకమంతా మోగిన పాటల వెనక ఇలాంటి చేతులున్నాయి.

ఈ పద్ధతిలో మనకు కలిసొచ్చే లాభం ఒకటుంది. ఈరోజుల్లో ఏ వస్తువు పాడైనా “బోర్డు పోయిందమ్మా, కొత్తది కొనుక్కోండి” అనేస్తున్నారు. ఇందులో ప్రతి భాగమూ విడిగా కంటికి కనిపిస్తుంది. జాకెట్టుకు ఒక హుక్కు ఊడితే ఆ హుక్కు కుట్టుకుంటాంగాని జాకెట్టు పారేయం గదా, అలాగన్నమాట. వాల్వులు తెలిసిన మెకానిక్కు దొరికితే ఏళ్ళ తరబడి బాగుచేయించుకోవచ్చు. వాల్వులు కూడా ఇప్పటికీ స్లొవేకియా, రష్యా, చైనాల్లో తయారవుతూనే ఉన్నాయి. ఒకప్పుడు మన బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారూ రేడియో వాల్వులు చేసేవారు.

అలాగని ‘చేత్తో చేసింది’ అన్న మాటకే డబ్బు పోయకండి. చేత్తో చేసినదాంట్లోనూ నాసిరకం ఉంటుంది, మన లేసుల్లో లేదూ? డబ్బు కట్టేముందు ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులకు చేసిందేనా అని అడగాలి. అమెరికాది 120 వోల్టులకు చేస్తారు, అది తెచ్చి నేరుగా మన గోడకు తగిలిస్తే కాలిపోతుంది. లోపలి ఫొటో అడగాలి. మూడు పిన్నులు, ఫ్యూజు ఉన్నాయా, బాగుచేయడానికి మనిషి ఎక్కడున్నాడు అని అడగాలి. ఇక 1950లనాటి అసలు పెట్టే కావాలని మీవారు పట్టుబడితే, అది మెకానిక్కు చేతిలో పడేదాకా స్విచ్ వేయనివ్వకండి. అప్పట్లో వాటికి రెండు పిన్నులే. కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి.

మన సోదరి వీణ సంగతికొస్తే, అమ్మా, గిటారుకూ మెట్లుంటాయి. తీగను పక్కకు లాగి గమకం పలికించడం మీ వేళ్ళకు తెలిసిన విద్యే. విద్యుత్ వాద్యం మనది కాదనుకోనక్కర్లేదు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్ మీదే కర్ణాటక సంగీతం వాయించి లోకాన్ని మెప్పించారు. మధ్యాహ్నం మనవడు పక్కగదిలో నిద్రపోయాక, మర రెండు దగ్గర పెట్టి, ఓ సరళీ వరుస మీటి చూడండి. మీవారు కొన్నారని అది ఆయనొక్కరిదే అయిపోదు.

ఇక రోజువారీ జాగ్రత్తలు కొద్దే. స్పీకరు వైరు ఊడి ఉండగా పెట్టెను ఎప్పుడూ వాయించకూడదు, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతింటుంది. వాల్వులు చల్లారకుండా పెట్టెను కదపకూడదు. సముద్రం దగ్గరి ఊళ్ళవాళ్ళు వానాకాలంలో వారానికోసారైనా కాసేపు వేసి ఉంచితే చెమ్మ పట్టదు. వెనక సందులోంచి బొద్దింకలు దూరకుండా జాలీ ఎలాగూ పనికొస్తుంది.

ఫ్యూజు పోతే, పెట్టె మీద రాసి ఉన్న అదే విలువది, అదే రకంది వేయండి. మన మెయిన్ బోర్డులో చేసినట్టు రాగితీగ మెలిపెట్టి కట్టే అలవాటు ఇక్కడ చూపించొద్దు. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోయిందంటే మూడోది వేయకుండా ప్లగ్గు తీసి మెకానిక్కుకు పంపండి.

వచ్చేవారం మిక్సీ జార్ల వాషర్ల సంగతి.